అప్పకు పంపిన ఫొటో

నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. నాలుగేళ్ళ క్రితం మా డిపార్టుమెంటులో పాత నమూనాల గది ఖాళీ చేయించి అందులో జీబ్రా చేపలు పెంచడం మొదలుపెట్టాను. అంతకు ముందు ఆ గదిలో ఫార్మలిన్ సీసాల్లో పాములు, తేళ్ళు, ఎప్పటివో ఎవరికీ తెలియని కప్పలు ఉండేవి. ఆ వాసన పోవడానికే నెల పట్టింది. చేపలకు మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదు, అక్వేరియం దుకాణంలో దొరుకుతాయి. చిటికెన వేలంత పొడుగు, ఒంటి పొడవునా నీలం చారలు.

పిల్లలకు పాఠం చెప్పడానికి వీటిని మించినవి లేవు. తల్లి గుడ్లను నీళ్ళలోకి వదిలేస్తుంది. గుడ్డు గాజులా ఉంటుంది, లోపల జరిగేదంతా బయటికి కనిపిస్తుంది. పొద్దున్న ఏడింటికి ఒక్క కణం. మర్నాడు అదే వేళకు తల, తోక, రెండు కళ్ళు. ఇంకాసేపటికి గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. బోర్డు మీద బొమ్మలు గీసి నేను వారం రోజులు చెప్పే పాఠాన్ని పిల్లలు ఒక్క రోజులో చూసేస్తారు. మొదటిసారి ఆ గుండె కొట్టుకోవడం చూసినప్పుడు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తని పిల్లలు ఉన్నారు. నేనూ అంతే.

ఏడాదిన్నర క్రితం ఫైనలియర్ పిల్లలకు మెదడు ఎలా మొదలవుతుందో చూపించాలనుకున్నాను. చెప్పడానికి సులువైన విషయమే. పిండంలో కణాలన్నీ మొదట్లో ఒకేలా ఉంటాయి. ఏది తలలోకి పోవాలి, ఏది తోకలోకి పోవాలి అన్నది అవి ఒకదానికొకటి పంపుకునే సంకేతాల వల్ల తేలుతుంది. ఒక కణం చిన్న ప్రోటీను వదులుతుంది, పక్క కణం అందుకుంటుంది. తోక వైపు ఈ సంకేతాల్లో ఒకటి బాగా ఎక్కువగా ఉంటుంది. మెదడు ముందు భాగమూ కళ్ళూ తయారవ్వాల్సిన చోట అదే సంకేతం దాదాపు ఉండకూడదు. అక్కడికి అది చేరకుండా ఉంటేనే అక్కడ కళ్ళు వస్తాయి. ఇప్పుడు గుడ్లు నాలుగైదు గంటల వయసులో ఉండగా పది నిమిషాలు లిథియం ఉప్పు నీళ్ళలో వేసి తీశామనుకోండి. సంకేతం రాకపోయినా వచ్చేసినట్టే కణాలు పని మొదలుపెడతాయి. మర్నాడు చూస్తే తల ముందు భాగం కుదించుకుపోయి ఉంటుంది. కళ్ళు ఉండవు.

ఇదంతా నేను చదువుకున్నదే. చదువుకోవడం వేరు. మర్నాడు పొద్దున్న ఆ చిన్న గాజు పళ్ళెం మైక్రోస్కోపు కింద పెట్టి చూసినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. తోక ఆడుతోంది. గుండె కొట్టుకోబోతోంది. మొహం ఉండాల్సిన చోట నున్నగా, బొటనవేలి చివరలా ఉంది. ఒకటి కాదు, పళ్ళెంలో ఉన్నవన్నీ దాదాపు అంతే. మైక్రోస్కోపు కటకానికి ఫోను ఆనించి ఒక ఫొటో తీసుకున్నాను. బాగా వచ్చింది.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూస్తున్నారు. గరివిడి నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. వాళ్ళ నాన్నకు అక్కడ మందుల షాపు. ఆమె చూసి, పక్కకు జరిగి, లిథియం డబ్బా మీది పేరు చదివి అంది:

"మేడం, లిథియమంటే మా షాపులో కూడా ఉంటాది కదండీ. మాత్రలు. మనసు బాగోనోళ్ళకి ఇస్తారు. కడుపుతో ఉన్నోళ్ళు ఏసుకుంటే పిల్లలకి ఇలగే అవుతాదేటండీ?"

నేను జవాబు చెప్పలేదు. పది రోజుల కిందటే మా అప్ప ఫోను చేసి తనకు మూడో నెల అని చెప్పింది.

అక్కను మా వైపు అప్ప అంటాం. మాది గజపతినగరం దగ్గర వరీ మొక్కజొన్నా పండించుకునే ఇల్లు. అప్ప నాకంటే ఐదేళ్ళు పెద్దది. ఇంటరుతో చదువు ఆపేసి నాన్నతో పాటు పొలం చూసుకుంది. నన్ను కూడా ఆపేద్దామని నాన్న అన్నప్పుడు అప్ప రెండు రోజులు అన్నం మానేసింది. అలా నేను విశాఖపట్నం వెళ్ళి ఎమ్మెస్సీ చేశాను. తర్వాత అప్పను పక్క ఊళ్ళోనే ఇచ్చారు. బావది కూడా వ్యవసాయమే, నెమ్మదైన మనిషి.

పెళ్ళైన రెండో ఏడు అప్ప ఉన్నట్టుండి నిద్ర మానేసింది. ఐదు రోజులు కన్ను మూయలేదు. ఇల్లంతా కడిగింది, పశువుల శాల కడిగింది, పక్కింటి అరుగు కడిగింది. తర్వాత చెవి కమ్మలు తీసి దారినపోయే ముసలామెకు ఇచ్చేసింది. ఆపితే కొట్టింది. భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామని అందరూ అన్నారు. బావ వినలేదు. ఆటోలో చేతులు గట్టిగా పట్టుకుని విజయనగరం తీసుకెళ్ళి మానసిక వైద్యురాలికి చూపించాడు. వాళ్ళమ్మ కోడల్ని పుట్టింటికి పంపేయమంది. "నా పెళ్ళానికి జబ్బొస్తే పుట్టింటోళ్ళేటి సేస్తారు" అన్నాడట. ఆ డాక్టరమ్మ రాసిన మందే లిథియం. రోజుకు రెండు మాత్రలు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఎనిమిదేళ్ళుగా అప్ప మామూలుగా ఉంది. ఆ జబ్బు సంగతి ఇంట్లో మేమే మర్చిపోయేంత మామూలుగా ఉంది.

నాకు తెలియదని అబద్ధం చెప్పను. అప్ప వేసుకునే మాత్రల అట్ట మీద పేరు నేను ఎన్నోసార్లు చదివాను. మా ల్యాబులో ఉన్నది కూడా లిథియమేనని తెలుసు. కడుపుతో ఉన్నానని అప్ప చెప్పినప్పుడు సంతోషంతో ఏడ్చాను కూడా. ఈ మూడూ నా తలలోనే ఉన్నాయి. ఆ గరివిడి పిల్ల అడిగేదాకా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

పిల్లల్ని పంపించేసి వరండాలోకి వచ్చి అప్పకు ఫోను చేశాను.

"అప్పా, ఆ మాత్ర ఏసుకున్నావా ఇయ్యాల?"

"పొద్దుటిది ఏసుకున్నాను. రాత్రికొకటి ఉంది. ఏటి, అలగున్నాది నీ గొంతు?"

"రాత్రిది ఏసుకోకు. ఇంకెప్పుడూ ఏసుకోకు."

"అదేటే? కడుపు సంగతి సెప్దామని ఆస్పత్రికి ఫోను సేస్తే డాక్టరమ్మ ఊళ్ళో నేదట. మంగళారం రమ్మన్నారు. అంతవరకు మందాపొద్దని ఆస్పత్రిలో మరీమరీ సెప్పినారు."

"ఆళ్ళకేటి తెలుసు? నాను కళ్ళారా సూసినాను."

"ఏటి సూసినావు?"

చెప్పడం మొదలుపెట్టాను. కణాలు, సంకేతం, చేప గుడ్లు. ఏదీ సరిగా రావడం లేదు. అప్ప "ఆ, ఆ" అంటోంది గాని అర్థమైనట్టు లేదు. ఫోను పెట్టేసి ఆ ఫొటో పంపాను. చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. తర్వాత తనే ఫోను చేసింది.

"ఇది సేప పిల్లా?"

"అవునప్పా."

"కళ్ళేవి?"

"రాలేదు. ఆ మందులో ఏసినందుకే రాలేదు."

"సరే," అంది చివరికి. "ఆపేస్తాను. మీ బావకి సెప్పకు, గాబరా పడతాడు."

మంగళవారం పొద్దున్న మళ్ళీ ఫోను చేసింది. ఆస్పత్రికి వెళ్ళాలా వద్దా అని నన్నడిగింది. వెళ్తే మళ్ళీ ఆ మాత్రే వేసుకోమంటారు, కొన్నాళ్ళు ఆగి వెళ్ళు అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను.

మొదటి రెండు వారాలు నేను చాలా మంచి పని చేశాననే అనుకున్నాను. అప్ప గొంతు హుషారుగా ఉండేది. "ఒళ్ళు తేలిగ్గా ఉన్నాదే. ఇన్నాళ్ళూ ఏదో దుప్పటి కప్పుకున్నట్టుండేది" అంది ఒకసారి. మూడో వారంలో తెల్లవారి ఐదింటికే ఫోన్లు రావడం మొదలైంది. ఉయ్యాలకు పొందూరు నేతబట్ట తేవాలట, ఇంటికి సున్నం వేయాలట, పెరట్లో గొయ్యి తీయించి నా దగ్గరున్నలాంటి చేపల్ని పెంచాలట. ఒక మాట పూర్తవకుండానే ఇంకో మాట.

"నిద్రపోతన్నావా అప్పా?" అని అడిగాను.

"నిద్రెందుకే? ఎంత పనున్నాది!"

కడుపు పండిన సంతోషం అనుకున్నాను. ఎనిమిదేళ్ళ కిందట పక్కింటి అరుగు కడిగిన మనిషిని నా కళ్ళతో చూసి కూడా అలా అనుకున్నాను.

పందొమ్మిదో రోజున క్లాసులో ఉండగా బావ ఫోను చేశాడు. నేను ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. మూడోసారి వరండాలోకి వచ్చి ఎత్తాను.

"మీ అప్ప నీకాడికి వొచ్చిందా?"

"నేదు బావా. ఏటయింది?"

"తెల్లారగట్ట లేసి సూస్తే నేదు. ఫోను ఇంటికాడే ఒగ్గీసింది. పొలం ఎతికినాము, నుయ్యి సూసినాము. నాలుగు రోజులయింది దానికి నిద్ర నేక. మాత్రేసుకున్నావా అంటే ఏసుకున్నానంటాది. ఇప్పుడు మందుల పెట్టె తీసి సూస్తే మాత్రలన్నీ అలగే ఉన్నాయి."

నుయ్యి సూసినాము అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. "బావా, నానే ఆపమన్నాను" అని చెప్పాననుకుంటాను. అతను వినలేదో, విని ఊరుకున్నాడో తెలియదు. "బేగి రా" అని పెట్టేశాడు.

ఆమదాలవలస స్టేషనుకు ఆటోలో వెళ్ళి, అప్పుడే వచ్చిన రైలెక్కాను. కూర్చోలేదు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. పొందూరు, చీపురుపల్లి, గరివిడి. ప్రతి స్టేషన్లోనూ ప్లాట్‌ఫారం మీద కూర్చున్న ఆడవాళ్ళ మొహాలు వెతికాను. నెల్లిమర్ల దాటుతుంటే బావ ఫోను వచ్చింది. విజయనగరంలో అమ్మవారి గుడి దగ్గర కూరలమ్మే మా ఊరామె అప్పను చూసిందట. "నాను బండి మీద బయల్దేరినాను. నువ్వే ముందెల్తావు. పట్టుకో దాన్ని" అన్నాడు. అతను ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది.

గుడి బయట, చెప్పులు విడిచే చోటుకు పక్కన, జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. వాళ్ళను తోసుకుని లోపలికి వెళ్ళాను.

అప్ప నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. జుట్టు విరబోసుకుని ఉంది. మెడలో పుస్తెలతాడు లేదు. ఒడిలో వెండి కళ్ళు. అమ్మవారికి మొక్కు చెల్లించుకునేవాళ్ళు కొని సమర్పిస్తారే, రేకు మీద కొట్టిన కళ్ళు, అవి. ఒక జత కాదు. చిన్నవి, పెద్దవి, గుప్పెళ్ళ కొద్దీ ఉన్నాయి. ఒక్కో జత తీసి చీర కుచ్చెళ్ళ మీద కడుపుకు ఆనించి చూసుకుంటోంది. సరిపోలేదన్నట్టు తల ఊపి పక్కన పెట్టి ఇంకో జత తీస్తోంది. ఆమె పక్కన ఒక పెద్ద ఫొటో ఉంది. అంతకు ముందే ఎప్పుడో ఏదో స్టూడియోలో అచ్చు వేయించి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించింది. నేను తీసిన ఫొటో. ఫోన్లో వేలెడంత ఉన్నది ఇప్పుడు అన్నం కంచమంత ఉంది. ఆ నున్నటి తల మీద ఎవరో కుంకుమ పెట్టారు.

జనంలో ఒకామె దండం పెడుతోంది. అమ్మవారు ఒంటి మీదికి వచ్చిందనుకుందేమో.

అప్ప తలెత్తి నన్ను చూసింది. మొహం వెలిగిపోయింది.

"వొచ్చినావా! కూకో, కూకో. సూడు, షాపులో ఉన్నవన్నీ తెచ్చీసినాను. దాని ముకం ఎంతుంటాదో మనకి తెలీదు గదా, ఏ జత సరిపోతాదో ఎలగ తెలుస్తాది? నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పు."

ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. అప్ప నా చేతిలో రెండు వెండి రేకులు పెట్టి నేను చెప్పే జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ ఉంది. చిన్నప్పుడు లెక్క సరిగా చేశానా లేదా అని నేను తన మొహంలోకి అలాగే చూసేదాన్ని. ఎండకు ఆ రేకులు వేడిగా ఉన్నాయి. ఆ వేడి ఇప్పటికీ అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది.

బావ వచ్చేదాకా ఆమెను అక్కడి నుంచి కదల్చలేకపోయాను. అతను రాగానే ఆమె పక్కన కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. రేకులన్నీ ఏరి తువ్వాల్లో మూటకట్టాడు. "ఇయ్యి డాక్టరమ్మకి సూపిద్దాం, ఏది బాగుంటాదో ఆవిడ సెప్తాది" అన్నాడు. అప్ప చిన్నపిల్లలా లేచి అతని చెయ్యి పట్టుకుంది. ఫొటో నేను తీసుకున్నాను. దాన్ని చింపడానికి కూడా చేతులు రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అప్పను చూసి, సూది మందు ఇప్పించి, పడుకోబెట్టాక మా ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. అరవై దాటిన మనిషి. ఎవరి మీదా గొంతు పెంచే మనిషి కాదు.

"మందు ఎవరు ఆపమన్నారు?"

"నేనేనండి," అన్నాను. బావ నా వైపు తిరిగాడు. ఫోన్లో నేను చెప్పింది అతను వినలేదని అప్పుడు అర్థమైంది. ఫొటో బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"లిథియం ఎంత వేశారు?"

చెప్పాను.

"మీ అక్కగారి రక్తంలో ఉండేదానికి అది వందల రెట్లు కదమ్మా?"

"అవునండి."

"గుడ్లకు అప్పుడెంత వయసు?"

"నాలుగైదు గంటలు."

"అంటే ఇంకా తల ఏదో తోక ఏదో తేలకముందు. మనిషిలో తలా కళ్ళూ ఎక్కడ రావాలో ఎప్పుడు తేలుతుందమ్మా? మీరు పాఠం చెప్పేవారే కదా."

"మూడో వారం, నాలుగో వారం," అన్నాను.

"మీరు ఫోను చేసేటప్పటికి మీ అక్కగారికి ఎన్నో నెల?"

ఏటేటా అదే పాఠం చెప్తాను. అదే పటం గోడకు తగిలిస్తాను. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న అది. నేను దేనికి భయపడి ఆ ఫోను చేశానో, మంచో చెడో, అది అప్పటికే రెండు నెలల కిందట అయిపోయింది. మాత్ర ఆపించి నేను కాపాడగలిగిన కళ్ళంటూ ఏవీ లేవు.

"ఈ మందుకు ప్రమాదమే లేదని నేననను," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "గుండె విషయంలో కొంచెం భయం ఉంది, స్కానింగులో చూసుకోవాలి. అందుకే కూర్చోబెట్టి మాట్లాడదామని రమ్మన్నాను. తగ్గించాలా, మార్చాలా, ఉంచాలా అని ముగ్గురం తేల్చుకునేవాళ్ళం. ఒక్కసారిగా ఆపేస్తే ఇలా తిరగబెడుతుందనే ఆపొద్దని చెప్పించాను."

బావ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అప్ప ఇరవై మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. ముందు వేరే మందుతో నిద్ర పట్టించారు. తర్వాత లిథియమే కొద్ది మోతాదులో, రెండు మూడుగా విడదీసి, మాటిమాటికీ రక్తపరీక్ష చేస్తూ ఇచ్చారు. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. గదిలోకి వెళ్ళేదాన్ని కాదు. అప్పకు తెలివి తేటపడేకొద్దీ నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. బావ వాళ్ళమ్మ ఒకరోజు అన్నం డబ్బా తెచ్చి వరండాలో నా పక్కనే కూర్చుంది. ఈ అత్తే ఒకప్పుడు కోడల్ని పంపేయమన్నది.

"మావోడు ఎనిమిదేళ్ళు కాపాడుకున్నాడే దాన్ని," అంది. "నువ్వొక్క ఫోను సేసినావు."

ఆ తర్వాత డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది. "తిను. నువ్వూ పడిపోతే ఎవరు సూస్తారు?"

ఐదో నెల దాటాక స్కానింగుకు తీసుకెళ్ళారు. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపల నుంచి అప్ప గొంతు వినిపించింది. "ముందు కళ్ళు సూడండి డాక్టర్ గారూ. గుండె తరవాత సూద్దురు. కళ్ళు సూడండి." ఆ డాక్టరు ఏదో అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. తలుపు తెరుచుకుని బావ వచ్చాడు.

"రెండూ ఉన్నాయి," అన్నాడు. "గుండె కూడా బాగున్నాదట."

నెలన్నర తర్వాత అతను నాతో మాట్లాడిన మొదటి మాట అది. సంతోషించాలి. సంతోషం రాలేదు. కళ్ళు ఉండవని ఇన్నాళ్ళూ నాలో నేను ఎంత గట్టిగా నమ్ముతున్నానో అప్పుడే తెలిసి దిమ్మెరపోయాను. డాక్టరమ్మ అంత వివరంగా చెప్పినా, నా పుస్తకాలే చెప్పినా, ఆ నున్నటి తల నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు. నాకే అలా ఉంటే అప్పకు ఎలా ఉండి ఉంటుంది?

కాలేజీకి తిరిగి వెళ్ళాక ఆ టర్ములో చేపల గది తెరవలేదు. మేత మాత్రం వేసేదాన్ని. గరివిడి అమ్మాయి ఒకరోజు స్టాఫ్ రూముకు వచ్చి, "మేడం, ఆరోజు నాను అడిగినదానికి మీరు సెప్పనేదు" అంది. మర్నాడు క్లాసులో పిల్లలందరికీ చెప్పాను. మా సొంత అప్ప సంగతి అని కూడా చెప్పాను. కొంతమంది తలలు దించుకున్నారు. ఒక పిల్లవాడు లేచి "అయితే మేడం, మీరు సూసింది తప్పాండీ?" అని అడిగాడు. చూసింది తప్పు కాదు, చేపల్లో జరిగింది నిజంగా జరిగింది, నేను దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ అంటించానో అది తప్పు అన్నాను. ఆ తర్వాత అదే ప్రయోగం మళ్ళీ చేయించాను. అయితే ఎవరైనా మైక్రోస్కోపులో కన్ను పెట్టేముందు ఎంత వేశాం, ఏ వయసులో వేశాం, ఎంతసేపు ఉంచాం అన్నవి బోర్డు మీద రాయిస్తాను. ఫొటోలు తీసుకోనిస్తాను. ఎవరికి పంపుతున్నారని అడుగుతాను. పిల్లలకు అది చాదస్తంలా ఉంటుంది.

ఆడపిల్ల పుట్టింది. పురుటికి నన్ను పిలవలేదు. పుట్టిందని బావ ఫోను చేసి చెప్పాడు. ఇరవయ్యొకటో రోజున వెళ్ళాను. మందు తల్లిపాలలోకి దిగుతుందని డాక్టరమ్మ డబ్బాపాలు పట్టమంది. అత్త దానికి సణుగుతూనే పాలు కలుపుతోంది. అప్ప మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్ళు చేసింది, నెమ్మదిగా ఉంది. పాపను నా చేతికివ్వలేదు. పక్కన కూర్చుంటే కూర్చోనిచ్చింది. పాప కళ్ళు తెరిచినప్పుడు ఇద్దరం ఒకేసారి వంగి చూశాం. తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

"ఆ బొమ్మ పంపకుండా ఉండాల్సిందే," అంది అప్ప, పాప వైపు చూస్తూనే. "నోటితో సెప్పి ఊరుకుంటే బాగున్ను. బొమ్మ పోదు."

"నాకూ పోలేదప్పా."

"నీకు పోకపోతే నాకేటి," అంది. కోపంగానే అంది. ఆ కోపం చూసి నాకు ఊపిరాడినట్టయింది. ఆస్పత్రిలో మొహం తిప్పుకున్న మనిషి ఇప్పుడు నాతో పోట్లాడుతోంది.

సాయంత్రం బావ నన్ను బండి మీద గజపతినగరం బస్సు దగ్గర దింపాడు. బస్సు రావడానికి ఇంకా వేళుంది. అతను వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. క్షమించమని అడగడానికి ఎన్ని నెలల నుంచో మాటలు పోగేసుకుంటున్నాను. "బావా" అన్నాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎనిమిదేళ్ళు మాత్రేసుకోమని రోజూ నానే సెప్పేవోడిని. ఓ రోజు ఏసుకునేది, ఓ రోజు ఇసుక్కునేది, ఓ రోజు దాసీసేది. నాను బతిమాలాలి, డాక్టరమ్మ బెదిరించాలి. నువ్వు ఒక్కసారి సెప్పినావు, మారు మాటాడకుండా ఆపీసింది." బండి అద్దం సరిచేసుకుంటూ అన్నాడు. "నువ్వు సెప్తే అది నూతిలో దూకమన్నా దూకుతాది. ఆ సంగతి నీకు తెలీదా?"

తెలియదు. ఒకే తల్లి కడుపున పుట్టి, ముప్పయ్యేళ్ళు కలిసి తిరిగి కూడా నాకు ఆ సంగతి తెలియదు. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. బస్సు వచ్చి ఆగినా ఎక్కడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను. అతనే నా సంచి తీసి లోపల పెట్టాడు.

ఇప్పుడు పాపకు పదకొండు నెలలు. పాకుతుంది, చేతికందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. మూడు నెలలకోసారి అప్ప రక్తపరీక్షకు విజయనగరం వస్తుంది. ఆరోజు నేనూ శ్రీకాకుళం నుంచి వెళ్తాను. డాక్టరమ్మ గదిలోకి అప్పా బావా వెళ్తారు. నేను పాపను ఎత్తుకుని బయట కూర్చుంటాను. పోయినసారి అప్పే తలుపులోంచి తొంగిచూసి, "నువ్వూ రా, లోపల కూకో. ఆవిడేటి సెప్తాదో నువ్వూ ఇను" అంది. పాపతో పాటు లోపలికి వెళ్ళి, వెనక కుర్చీలో కూర్చుని విన్నాను.